ఠాణా ఎవరి చేతిలో ఉంది?

మొన్న సెలవు రోజు క్యాంపులో మళ్లీ అదే లొల్లి. మన తిప్పలకు ముఖ్యమంత్రే కారణమని ఒకరు, ఢిల్లీ వాళ్లని ఇంకొకరు.

నేను చదివింది పదో తరగతే. కానీ సైటు మీద కరెంటు పని ఆగితే సెంట్రింగ్ మేస్త్రీని తిట్టి లాభం లేదని తెలుసు. రాజ్యాంగం కూడా అట్లనే పనులు పంచింది. పాస్‌పోర్టు, వీసా, ఎంబసీ కేంద్రానివి. ఏజెంటుకు లైసెన్సు కూడా 1983 వలస చట్టం కింద కేంద్రమే ఇస్తది. పోలీసులు మాత్రం రాష్ట్రం చేతిలో ఉంటరు.

మా బామ్మర్దిని లైసెన్సు లేని ఏజెంటు విజిట్ వీసా మీద పంపి ముంచిండు. ఠాణాకు పోతే "గల్ఫ్ సంగతి ఢిల్లీలో అడుగు" అన్నరు. సార్, పైసలు తీసుకున్నది మన ఊళ్లోనే కదా! మోసం కేసు రాష్ట్రం పనే.

వలస తన జాబితాలో లేకున్నా కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టుకుంది. గల్ఫ్‌లో చనిపోయినోళ్ల ఇంటికి 5 లక్షలు ఇవ్వాలని తెలంగాణ 2024లో నిర్ణయించింది. మంచిదే. కానీ మనిషి బతికుండంగ ఆ ఏజెంటును పట్టుకుంటే ఇంకా మేలు.

"మా చేతిలో ఏం లేదు" అనే లీడరు ఓటుకు వస్తే ఒక్కటే అడగండి: ఠాణా ఎవరి చేతిలో ఉంది?