రాజుకది పరీక్ష, మనకది బతుకు

మా తాత ఊరి కాటికాపరి. ఊళ్ళో చావొస్తే పొరుగూళ్ళకి కబురు మోసేది ఆయనే, కట్టెలు పేర్చేది ఆయనే, చితి ఆరిందాకా కుక్కల్నీ నక్కల్నీ తోలుతూ కాపలా ఉండేదీ ఆయనే. కూలి కింద ఏడాదికోసారి కళ్ళంలో నాలుగు కుంచాల గింజలు, చచ్చినవాడి మీద కప్పిన గుడ్డ. అంతే.

శివరాత్రికి ఊళ్ళో 'సత్య హరిశ్చంద్ర' నాటకం ఆడించేవాళ్ళు. మనవాళ్ళు పందిరి బయట, చెరువు కట్ట మీద కూర్చుని చూడాల్సిందే. కాటి సీను వచ్చేసరికి జనమంతా ఏడ్చేవాళ్ళు. మోతుబరులు కూడా కండువాలతో కళ్ళొత్తుకునేవాళ్ళు. ఒకసారి నాటకమయ్యాక తెల్లారుజామున ఇంటికొస్తా మా తాత అన్నాడు: "ఒరే, రాజు నాలుగు రోజులు కాటికాడ పంజేస్తే ఊరంతా ఏడిసింది. నేను నలభై ఏళ్ళబట్టి చేస్తన్నా. నన్ను చూసి ఒక్కడన్నా ఏడిసాడంట్రా?"

అప్పుడు నాకు పదేళ్ళు. నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత చాలా కాలానికి పాత హిందీ, మరాఠీ సినిమాలు వరసబెట్టి చూస్తుంటే తాత అడిగిన మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఆయన నాటకం గురించి అడిగాడు. ఆ ప్రశ్న సినిమాకి కూడా చెల్లుతుంది.

మన దేశంలో మొదటి పూర్తి నిడివి కథా సినిమా ఏది? 1913 మే 3న బొంబాయిలో విడుదలైన 'రాజా హరిశ్చంద్ర'. తీసినాయన నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన దాదాసాహెబ్ ఫాల్కే. అది మాటల్లేని బొమ్మ. వేషం కట్టడానికి ఆడవాళ్ళెవరూ రాకపోతే హోటల్లో వంటపని చేసే సాలుంకే అనే కుర్రాడు రాణి వేషం వేశాడు. మరి మరాఠీలో మొదటి మాటల సినిమా ఏది? 1932లో ప్రభాత్ కంపెనీ తరఫున శాంతారాం తీసిన 'అయోధ్యేచా రాజా'. అదీ హరిశ్చంద్రుడి కథే. దాన్నే హిందీలోనూ తీశారు. అంటే సినిమాకి నడక వచ్చినప్పుడూ హరిశ్చంద్రుడే, మాటొచ్చినప్పుడూ హరిశ్చంద్రుడే!

కథ అందరికీ తెలిసిందే. రాజు రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆలినీ బిడ్డనీ అమ్ముకున్నాడు. అప్పటికీ పరీక్ష తీరలేదు. అన్నిటికంటే కిందిది, ఇక దానికంటే కింద ఏమీ లేదు అన్నది ఒకటి మిగిలింది. అదే చండాలుడికి బానిసై కాటికాపరి పని చెయ్యడం. ఈ కథలో కన్నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి. 'అయ్యో, అంతటి రాజు ఇంత నీచమైన పని చేస్తున్నాడే' అన్న చోటునుంచే వస్తున్నాయి. ఆ పని రోజూ చేసేవాడు ఒకడున్నాడని, వాడికీ పెళ్ళాం బిడ్డలున్నారని, వాడి పిల్లాణ్ణి కూడా పాము కరవొచ్చని చూసేవాడికి తోచదు. రాజుకది పరీక్ష. మనకది బతుకు. పరీక్షకి ఫలితం ఉంటుంది, దేవుళ్ళు దిగొస్తారు. బతుకు కోసం ఏ దేవుడూ దిగిరాడు.

ఇంకో మోసం కూడా ఉంది. మార్కండేయ పురాణంలో రాజుని కొనుక్కున్న చండాలుడు నిజంగా చండాలుడు కాడు. మారువేషంలో వచ్చిన ధర్ముడు! అంటే రాజు చివరికి మనవాడి కింద పని చెయ్యనే లేదు. మైల కూడా అంటలేదు. మరి అందరూ స్వర్గానికి పోయాక, మర్నాడు ఆ కాట్లో కట్టెలు పేర్చింది ఎవరు? ఆ సంగతి కథకి అక్కర్లేదు.

మన తెలుగు నాటకంలో ఇంకో విడ్డూరం. కాటి సీనులో జనం 'వన్స్ మోర్' అని అరిచి మళ్ళీ మళ్ళీ పాడించుకునే పద్యాలు జాషువా శ్మశానవాటిలోవి. 1895లో వినుకొండలో అంటరానివాళ్ళ ఇంట పుట్టిన కవి ఆయన. పందిట్లో జాషువా పద్యం, పందిరి బయట జాషువా జనం!

'ఆ కాలం అలాంటిది, వాళ్ళకేం తెలుసు' అని కొందరు మిత్రులు అంటారు. ఆ కాలం ఎలాంటిదో చూద్దాం. 'అయోధ్యేచా రాజా' తీసిన రోజుల్లో ప్రభాత్ కంపెనీ కొల్హాపూర్‌లో ఉండేది. 1902లోనే వెనకబడిన కులాలకి కొలువుల్లో సగం కేటాయించిన సాహు మహారాజ్ ఏలిన ఊరది. ఆ మరాఠీ గడ్డ మీదే నాసిక్‌లో కాలారాం గుడి ముందు బాబాసాహెబ్ నాయకత్వంలో 1930 నుంచీ సత్యాగ్రహం నడుస్తోంది. 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం జరిగింది. అంటరానివాడు లేచి నిలబడి మాట్లాడుతున్న కాలం అది. సినిమా మాత్రం అప్పుడే వచ్చిన తన గొంతుని పాత రాజుకే ఇచ్చింది.

అయినా సినిమా వాళ్ళు మనల్ని పూర్తిగా మరిచిపోయారని అనను. 1935లో ప్రభాత్ వాళ్ళే ఏకనాథుడి కథ తీశారు. పేరు 'మహాత్మ' అని పెడితే సెన్సారు ఒప్పుకోలేదు, 'ధర్మాత్మ' అని మార్చారు. బ్రాహ్మణుడైన ఏకనాథుడు మహర్ల ఇంటికెళ్ళి అన్నం తింటాడు. ఆ రోజుల్లో అలా చూపడం తెగువే. కానీ కథ ఎవరిది? తినడానికి వచ్చినాయనది. పెట్టిన చెయ్యి ఆకలి సంగతి కాదు, తిన్న నోటి గొప్పతనమే కథ.

1936లో బాంబే టాకీస్ 'అఛూత్ కన్య' వచ్చింది. తీసింది ఫ్రాంజ్ ఆస్టెన్ అనే జర్మన్ దేశస్తుడు. కస్తూరి రైల్వే గేటు కాపలాదారు కూతురు, అంటరాని పిల్ల. ప్రతాప్ కొట్టు నడిపే బ్రాహ్మణుడి కొడుకు. ఇద్దరూ ఇష్టపడతారు. ఊరు ఒప్పుకోదు, కొంప తగలబెడతారు. చివరికి ఇద్దరికీ వేరే పెళ్ళిళ్ళవుతాయి. ఆఖర్న రైలు పట్టాల మీద కస్తూరి మొగుడూ ప్రతాపూ కొట్టుకుంటుంటే, రైలుని ఆపడానికి కస్తూరి ఎదురు పరిగెత్తి చచ్చిపోతుంది. ఆమెకి గుడి కడతారు.

బతికుండగా గుమ్మం తొక్కనివ్వని పిల్లకి చచ్చాక గుడి! కస్తూరిగా వేసింది ఠాగూరు కుటుంబానికి బంధువైన దేవికారాణి. ఎవరు వేస్తే ఏమి అంటారా? సరే, ఆ మాట వదిలేస్తాను. కథనే అడుగుతాను. ఆ ఇద్దరు మగాళ్ళూ బతికారు, రైలు ప్రయాణికులు బతికారు, ఊరి పెద్దలు బతికారు, కస్తూరి ఒక్కతే ఎందుకు చావాలి? అదే 1936లో బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' అచ్చువేశారు. పిలిచిన లాహోరు సంఘంవాళ్ళే భయపడి సభ రద్దు చేస్తే, చదవాల్సిన ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో పుస్తకం చేశారు. కులం పునాది పెకలించండి అని ఆ పుస్తకం అంది. మన పిల్ల పోయినందుకు రెండు కన్నీటి చుక్కలు రాల్చండి అని సినిమా అంది. జనం దేనికి చప్పట్లు కొట్టారో చెప్పాలా?

ఇరవై మూడేళ్ళ తర్వాత, 1959లో బిమల్ రాయ్ 'సుజాత' తీశాడు. మంచివాడు, అంతకుముందే 'దో బీఘా జమీన్' తీసి రైతుకూలీ గోడు చూపించినవాడు. సుజాత తల్లిదండ్రులు కలరాకి చచ్చిపోతే, ఆ పసిపిల్లని ఒక అగ్రవర్ణ ఇంజనీరు ఇంట్లో పెంచుతారు. ఎవరడిగినా ఆ ఇల్లాలు 'మా కూతురు' అనదు, 'కూతురి లాంటిది' అంటుంది. ఆ 'లాంటిది' అన్న ముక్కలో ఉన్న ముల్లుని పట్టుకున్నందుకు బిమల్ రాయ్‌కి దణ్ణం పెట్టొచ్చు. మన ఊళ్ళల్లో మనకి తెలిసిన మాటే అది. 'నువ్వు మా ఇంట్లో మనిషి లాంటివాడివే' అంటారు, గ్లాసు మాత్రం వేరేగా పెడతారు.

కానీ ఆ ముల్లు ఎలా తీశాడు? ఇల్లాలు మెట్ల మీంచి పడుతుంది. రక్తం కావాలి. కన్నకూతురి రక్తం సరిపడదు, సుజాతది సరిపోతుంది. మన పిల్ల రక్తం ఎక్కాక గానీ ఆ తల్లికి మనసు మారలేదు. అప్పుడు 'కూతురి లాంటిది' కాస్తా కూతురైంది. నూతన్ నటన చూసి నేనూ ఏడ్చాను, దాచుకోను. ఏడ్చాక ఆలోచించాను. రక్తం గ్రూపు కలవకపోతే? ఇల్లాలు మెట్ల మీంచి పడకపోతే? ఆ పిల్ల మనిషి కాదా?

సుజాత చావబోతే ఆమెని ఆపేది గాంధీ విగ్రహం దగ్గరి మాటలు. అంతకు మూడేళ్ళ ముందే, 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో లక్షల మంది బాబాసాహెబ్ వెంట నడిచి బౌద్ధం తీసుకున్నారు. ఎవరింటి దయకోసమూ ఆగకుండా నడిచినవాళ్ళు వాళ్ళు. ఆ నడక సుజాత ఉన్న ఇంటిదాకా రాలేదు.

ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలుతుంది. కస్తూరి ప్రాణమిచ్చింది, సుజాత రక్తమిచ్చింది. మనం మంచివాళ్ళమని ఋజువు చేసుకోవాలి, అదీ ఒళ్ళు కోసిచ్చి. తీర్పు చెప్పేది వాళ్ళు. వాళ్ళ మనసు మారితే కథ సుఖాంతం. వాళ్ళు ఋజువు చేసుకోవాల్సింది మాత్రం ఏమీ లేదు. 1985 జులైలో కారంచేడు చెరువు దగ్గర బిందె ఎత్తిన మున్నంగి సువార్త ఎవరి మనసూ మారేదాకా ఆగలేదు. అలాంటి ఆడమనిషి ఈ సినిమాల్లో కనబడదు.

తర్వాత కొంత మార్పు వచ్చింది. 1974లో శ్యాం బెనెగల్ 'అంకుర్' తీశాడు. మన తెలంగాణ పల్లె కథ, మాట హైదరాబాదు హిందీ. కుమ్మరి కిష్టయ్య మూగవాడు, చెవిటివాడు. దొరకొడుకు అతని పెళ్ళాం లక్ష్మిని లోబరుచుకుని, కడుపొచ్చాక వదిలేస్తాడు. పని అడుగుదామని వచ్చిన కిష్టయ్యని తన తప్పు తనకే భయమై చావగొడతాడు. లక్ష్మి నోరు తెరిచి శాపనార్థాలు పెడుతుంది. అంతా అయ్యాక ఒక చిన్న పిల్లాడు దొర కిటికీ మీద రాయి విసిరి పారిపోతాడు. ఎవరూ బుజ్జగించలేదు, ఎవరి మనసూ మారలేదు. రాయి పడింది.

1981లో సత్యజిత్ రే దూరదర్శన్ కోసం ప్రేమ్‌చంద్ కథ 'సద్గతి' తీశాడు. చమార్ దుఖి కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవాలని పంతులు ఇంటికి వెళ్తాడు. జ్వరం ఒంటి మీద, ఖాళీ కడుపుతో వెట్టి చేసి, మొద్దు చీల్చలేక అక్కడే పడి చచ్చిపోతాడు. ఇక్కడ ఎవరి గుండే కరగదు. వాడవాళ్ళు శవం ఎత్తడానికి రారు. చివరికి పంతులే, చెయ్యి తగలకుండా, కాలికి తాడు తగిలించి శవాన్ని ఈడ్చుకుపోయి పశువుల కళేబరాల దగ్గర పడేస్తాడు. నా లెక్కలో హరిశ్చంద్రుడికి సరైన జవాబు ఈ సినిమాయే. శవం మొయ్యమని మనం అంటే ఆ పని ఎవరి మెడకి చుట్టుకుంటుందో చూపించింది. 1927లో మహద్‌లో చచ్చిన పశువుల్ని ఎత్తొద్దు అని బాబాసాహెబ్ చెప్పింది అందుకే. అయితే దుఖి చచ్చేదాకా వాడ కదల్లేదన్నది కూడా మనం ఒప్పుకోవాలి.

'అంకుర్' పిల్లాడు విసిరిన రాయి మరో ముప్ఫై తొమ్మిదేళ్ళకి 2013లో మరాఠీ 'ఫండ్రీ'లో మళ్ళీ లేచింది. తీసింది నాగరాజ్ మంజులే. షోలాపూర్ జిల్లా వడార్ కులంలో పుట్టినవాడు. మన వడ్డెరలకి చుట్టాలే వాళ్ళు, ఇప్పటికీ ఇంట్లో తెలుగు యాసే మాట్లాడే వడార్లున్నారు. పందులు పట్టే కైకాడి ఇంటి కుర్రాడు జబ్య, బళ్ళో పిల్లలంతా చూసి నవ్వుతుంటే తండ్రితో కలిసి పందిని పట్టాలి. చచ్చిన పందిని మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేద్కర్, సావిత్రీబాయి బొమ్మలుంటాయి. చివరికి జబ్య తిరగబడి రాయి విసురుతాడు. అది దొర కిటికీకి కాదు, నేరుగా చూస్తున్న మన మొహం మీదికే వస్తుంది. 1913 నుంచి 2013 దాకా నూరేళ్ళు. కాటికాపరి వేషం వేసిన రాజు దగ్గర్నుంచి, తన కథ తనే తీసుకున్న వడ్డెర బిడ్డ దాకా రావడానికి నూరేళ్ళు పట్టింది.

పాత సినిమాలు చూడొద్దని నేను చెప్పను. పాటలు బాగుంటాయి, నటన బాగుంటుంది, తీసినవాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు. చూడండి. కానీ మన కళ్ళతో చూడండి. మన పిల్లలు ఫోనుల్లో ఇవన్నీ చూస్తున్నారు. కస్తూరిలాగా చావడమే గొప్ప, సుజాతలాగా అణిగి ఉండడమే అందం అని వాళ్ళ బుర్రల్లోకి ఎక్కితే మన ముప్ఫై నలభై ఏళ్ళ మీటింగులన్నీ వృథా.

కార్యకర్తలకి ఒక పని చెబుతాను. నెలకో సినిమా వాడలో వెయ్యండి. ఒక తెల్ల దుప్పటి, అద్దెకి తెచ్చిన ప్రొజెక్టరు చాలు. 'సుజాత' ఒక వారం, 'సద్గతి' ఇంకో వారం వేస్తే తేడా చెప్పకుండానే తెలుస్తుంది. హిందీ రానివాళ్ళకి పక్కన ఒకరు కూర్చుని చెప్పాలి. అయిపోగానే లేచిపోకుండా అరగంట మాట్లాడించండి. ఈ కథలో చచ్చింది ఎవరు, ఎవరి బాగుకోసం చచ్చారు? మనవాడు నోరు తెరిచి ఎన్నిసార్లు మాట్లాడాడు? మన వాడ లోపల ఎలా ఉంటుందో చూపించారా, ఊరి గుమ్మంలో నిలబడి చూశారా? ఈ ప్రశ్నలు ముందు ముసలివాళ్ళని అడగండి. మా తాతలాంటి వాళ్ళు ప్రతి వాడలోనూ ఉన్నారు. వాళ్ళు చదువుకోలేదు గానీ కట్ట మీద కూర్చుని అన్నీ చూశారు. వాళ్ళేమన్నారో రాసి పత్రికకి పంపండి, వాళ్ళ మాటల్లోనే.

జై భీమ్!