తరుగు తీసేటప్పుడు మతం అడగరు



మొన్న వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఢిల్లీ పోరాటం మాట వచ్చింది. మా ఊరి పిల్లగాడొకడు ఫోన్ చూపించి, "వాళ్లు రైతులు కాదు పెద్దనాయినా, ఖలిస్తానీలంట" అన్నాడు. అదే సమయంలో వాని తండ్రి కాంటా దగ్గర నిలబడి, బస్తాకు రెండు కిలోల తరుగు తీయొద్దని బతిమాలుతున్నాడు. కొడుకు తిట్టేది తండ్రి కోసం కొట్లాడినవాళ్లనే!

2020 నవంబరులో సింఘు, టిక్రి, ఘాజీపూర్ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు ఏడాదికి పైగా కదల్లేదు. తలపాగా చూసి తీవ్రవాదులన్నారు. పార్లమెంటులోనే 'ఆందోళనజీవులు' అని వెక్కిరించారు. జనవరి 26న ఎర్రకోట దగ్గర కొందరు చేసింది తప్పే, రైతు సంఘాలే దాన్ని ఖండించాయి. ఆ కొందరి పేరు చెప్పి లక్షల మందికి ముద్ర వేయడం ఏం న్యాయం? వాళ్లు నిజంగా తీవ్రవాదులే అయితే, 2021 నవంబరు 19న ప్రధాని క్షమాపణ చెప్పి మూడు చట్టాలు ఎందుకు వెనక్కి తీసుకున్నట్టు?

ముజఫర్‌నగర్‌నే చూడండి. అక్కడ జాట్లు, ముస్లింలు ఒకే రైతు సంఘం జెండా కింద ఉండేవాళ్లు. 2013 అల్లర్లలో అరవై మందికి పైగా చచ్చారు. వేల కుటుంబాలు ఊళ్లు విడిచాయి. సంఘం చీలింది. చెరకు బకాయిలు మాత్రం ఇద్దరికీ అట్లనే ఉన్నాయి. 2021 సెప్టెంబరు 5న అదే ఊళ్లో మహాపంచాయతీ వేదిక మీద 'అల్లాహు అక్బర్', 'హర హర మహాదేవ్' కలిసి మోగాయి. పాలకులకు భయం పుట్టించింది ఆ కలయికే.

వేలు ఢిల్లీ వైపే చూపిస్తే సరిపోదు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పాసుబుక్కు ఉన్నోనికి పైసలు పడ్డాయి, దున్నిన కౌలుదారుకు పడలేదు. అప్పుడు మనలో ఎందరం నోరు విప్పినం? ఆ కౌలుదారుల్లో దళితులున్నారు, బీసీలున్నారు, ముస్లింలున్నారు. సర్కారు అందరినీ ఒక్క తీరు చూడాలని అడిగే మనం, మన గ్రామ కమిటీలో వాళ్లకు కుర్చీ వేసినమా?

ఈసారి సభ్యత్వం రాసేటప్పుడు మొదటి రసీదు కౌలు రైతు ఇంట్లో రాయండి. ఫోన్లో విషం వస్తే పంపినోణ్ని ఒక్క మాట అడగండి: "దీనితోని మన వడ్లకు ధర పెరుగుతదా?"

మిల్లరు తరుగు తీసేటప్పుడు మన మతం అడగడు. అడ్డుకునేటప్పుడు మనమెందుకు అడగాలె?