మట్టికి మేత వేస్తే మొక్క తనే తింటుంది

బాల్కనీలో నాలుగు కుండీలు, కిటికీ దగ్గర ఓ మనీప్లాంటు, మేడ మీద కరివేపాకు, పుదీనా, రెండు మిరప మొక్కలు. అపార్ట్‌మెంటు ఇళ్లలో పెరటి ముచ్చట తీరేది ఇలాగే. ఆ ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. 'రసాయన ఎరువులు మానేసి వర్మికంపోస్టు వేస్తున్నాం. నెల తిరక్కుండానే నవనవలాడే మొక్క కాస్తా పాలిపోయింది. మాకు అచ్చిరాలేదు' అని. ఆ తర్వాత ఇంకేముంది, మళ్లీ చెంచాడు యూరియా. వారం తిరిగేసరికి ఆకు పచ్చబడుతుంది. సేంద్రియం మీద నమ్మకం మాత్రం వాడిపోతుంది.

నిజానికి అక్కడ వర్మికంపోస్టు దోషమేమీ లేదు. ఒక పొట్లం బదులు ఇంకో పొట్లం అనుకోవడంతోనే వస్తుంది చిక్కంతా. రసాయన ఎరువు నేరుగా మొక్కకు వడ్డించే తిండి. సేంద్రియ ఎరువు మట్టికి వేసే మేత. ఆ మేత తిని మట్టిలోని జీవాలు వండి పెడితేనే మొక్కకు భోజనం. వంటవాళ్లే లేని ఇంట్లో బియ్యం బస్తా దించి, విస్తరి వేసుకుని కూర్చుంటే ఏమవుతుందో, మారిన కొత్తలో కుండీలోనూ అదే అవుతుంది.

చెంచాడు యూరియాకు సమానమెంత?

యూరియాలో నత్రజని 46 శాతం. మంచి వర్మికంపోస్టులో ఉండేది ఒకటి నుంచి రెండు శాతం. అంటే అయిదు గ్రాముల యూరియా ఇచ్చే నత్రజని కావాలంటే సుమారు 150 గ్రాముల వర్మికంపోస్టు పడుతుంది. అదీ ఒక్కసారిగా అందదు. యూరియా నీళ్లలో కరిగి కొద్ది రోజుల్లోనే వేళ్లు పీల్చుకునే రూపంలోకి మారిపోతుంది. కంపోస్టులోని నత్రజని చాలావరకు మాంసకృత్తుల్లో బందీగా ఉంటుంది. దాన్ని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు విడగొట్టాలి. వాటిని ఇంకాస్త పెద్ద సూక్ష్మజీవులు తిని, తమకు ఎక్కువైన నత్రజనిని బయటికి వదలాలి. వేళ్ల చుట్టూ రోజూ జరిగే పని ఇది. తన వంతుగా మొక్క కూడా వేళ్ల నుంచి చక్కెరల్లాంటి పదార్థాలు స్రవించి ఆ జీవాలను పోషిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం మట్టి కింద కూడా ఉందన్నమాట.

పొలంలో అయితే వానపాములు పక్క చేను నుంచైనా వస్తాయి. కుండీ నాలుగు గోడల గది. అందులో ఏముండాలన్నా మనిషి వేయాల్సిందే. ఏళ్ల తరబడి రసాయన ఎరువులు మాత్రమే వేసిన కుండీలో సూక్ష్మజీవులకు తినడానికి కుళ్లే ఆకూ అలమూ ఉండదు. అవి పలచబడిపోతాయి. మరోపక్క మొక్క వాడుకోని లవణాలు పేరుకుపోతాయి. కుండీ అంచుల మీద తెల్లటి పొర, ఆకు కొసలు మాడినట్టు గోధుమ రంగుకు తిరగడం... ఈ రెండూ కలిసి కనిపిస్తే లవణాలు ఎక్కువయ్యాయేమోనని చూసుకోవాలి.

రెండు దారులు

కుండీకీ దేశానికీ పోలికేమిటని నవ్వుకోవచ్చు గానీ, మారే పద్ధతిలో తేడా ఎంత పని చేస్తుందో చెప్పడానికి రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. సిక్కిం 2003లో సేంద్రియ సేద్యానికి మారాలని తీర్మానించుకుంది. ఎరువుల రాయితీలు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, 2016 జనవరిలో పూర్తి సేంద్రియ రాష్ట్రమని ప్రకటించుకుంది. అక్కడి కొండ పొలాల్లో మొదటి నుంచీ రసాయనాల వాడకం తక్కువే అయినా పన్నెండేళ్లకు పైగా సమయం తీసుకుంది.

శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా ఆపేసింది. బదులుగా వేయడానికి చాలినంత కంపోస్టు లేదు, రైతులకు శిక్షణ లేదు, నేల కోలుకోవడానికి గడువు లేదు. వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. అదే ఏడాది నవంబరుకల్లా ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బాల్కనీలో మొక్క పాలిపోతే పోయేది గుప్పెడు కరివేపాకు. పొలంలో అయితే ఇంటిల్లిపాది ఏడాది తిండి. పాఠం మాత్రం రెండు చోట్లా ఒకటే. ముందు మట్టి సిద్ధం కావాలి, ఆ తర్వాతే పాతది మానాలి.

పాత కుండీని మార్చే తీరు

పాత మట్టిని పారబోయనక్కర్లేదు. పైన పేరుకున్న తెల్లటి పొరను గీకి తీసేయాలి. కుండీని నీళ్లు బయటికి పోయే చోట పెట్టి, దాని పరిమాణానికి రెండు మూడింతల నీళ్లు నిదానంగా పోయాలి. లవణాలు చాలావరకు కిందికి కొట్టుకుపోతాయి. నాలుగైదు రోజులు ఆరనిచ్చి, వేళ్లు కదలకుండా పైమట్టి రెండంగుళాల మేర తీసి, దాని స్థానంలో బాగా మాగిన కంపోస్టు నింపాలి. ఆ పైన ఎండుటాకులు పలచగా పరవాలి. ఎండకు తేమ ఆరిపోకుండా కాపాడేదీ, సూక్ష్మజీవులకు ఆకలి తీర్చేదీ ఆ ఆకులే.

మొదటి నెల రసాయన ఎరువు అలవాటైన మోతాదులో సగం వేసినా నష్టం లేదు. రెండో నెలలో దాన్నీ సగం చేసి, మూడో నెలకు మానేయవచ్చు. పదిహేను రోజులకోసారి గుప్పెడు కంపోస్టు మాత్రం మానకూడదు. ఈ మధ్యలో ఆకు కాస్త రంగు తగ్గితే కంగారు పడాల్సిన పని లేదు. కొత్త చిగురు ఎలా వస్తోందో చూడాలి. పాత ఆకు పాలిపోయినా చిగురు బలంగా ఉంటే దారి సరైనదే. అన్ని కుండీలూ ఒకేసారి మార్చకుండా రెండింటితో మొదలుపెడితే పక్కపక్కనే పోల్చి చూసుకోవచ్చు. తోటకూర, మెంతికూర లాంటివి నెల లోపే కోతకు వస్తాయి కాబట్టి తొలి ప్రయోగానికి అవే మేలు. టమాటా, వంగ, మిరప తిండి ఎక్కువ అడిగే మొక్కలు. వాటికి కనీసం పన్నెండంగుళాల కుండీ ఉండాలి, మట్టి మీద చేయి తిరిగాక మొదలుపెట్టాలి.

కొత్త మట్టి కలపాలంటే

ఎర్రమట్టి, మాగిన కంపోస్టు లేదా పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు. మూడూ సమపాళ్లలో కలిపి, కుండీకో గుప్పెడు వేపపిండి చేర్చితే చాలు. ఎర్రమట్టి బంకగా ఉంటే కాస్త ఇసుక కూడా వేయాలి. కోకోపీట్ పేరుతో దిమ్మెలుగా దొరికే కొబ్బరి పొట్టును నానబెట్టి, రెండు మూడు నీళ్లు కడిగి పిండాకే వాడాలి. దాన్లో సహజంగానే లవణాలుంటాయి. ఇంకో సంగతి, కొబ్బరి పొట్టు నీటిని పట్టి ఉంచుతుందే గానీ దానిలో పోషకాలు తక్కువ. బరువు తగ్గుతుంది కదా అని కుండీ నిండా అదే నింపితే మొక్క ఆకలితో మాడుతుంది.

కలిపిన మట్టిని తడి చేసి, గోనెపట్టా కప్పి, రెండు మూడు వారాలు నీడలో ఉంచాక మొక్క నాటితే మంచిది. దోసెపిండి పులియడానికి రాత్రంతా ఆగే ఇంట్లో మట్టి కోసం ఇరవై రోజులు ఆగడం పెద్ద విషయం కాదు.

ఇండోర్ మొక్కకు ఇండోర్ పద్ధతి

కంపోస్టు కొనే తెచ్చుకోవాలని లేదు. ఇళ్లలోని చెత్తలో సగానికి పైగా తడిచెత్తే కదా. వ్యర్థాలను ఎరువుగా మార్చే శాస్త్రీయ పద్ధతుల్లో ప్రపంచమంతా తెలిసినదాని పేరు 'ఇండోర్ పద్ధతి'. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో 1924 నుంచి 1931 వరకు పని చేస్తూ దాన్ని రూపొందించాడు. నేర్పడానికి వచ్చిన ఆయన ఇక్కడి రైతుల దగ్గర తానే ఎంతో నేర్చుకున్నానని రాసుకున్నాడు. ఆకులు, పేడ, కాస్త మట్టి, బూడిద పొరలు పొరలుగా వేసి, మధ్యమధ్య తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు సిద్ధం.

అపార్ట్‌మెంటులో దానికి చిన్న రూపం, చిల్లులు పెట్టిన పాత బకెట్టు. అడుగున ఎండుటాకులు, పైన కూరగాయల తొక్కలు, మళ్లీ ఎండుటాకులు. తడి ఒకవంతు వేస్తే పొడి రెండు వంతులుండాలి. మొదట్లో గుప్పెడు పాత కంపోస్టు గానీ కాస్త పుల్ల మజ్జిగ గానీ చల్లితే పని త్వరగా మొదలవుతుంది. వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త పొడి ఆకు వేస్తే సర్దుకుంటుంది. నూనె కూరలు, మాంసం, పాలు వేయకపోవడమే మంచిది. మన ఎండలకు రెండు నెలల్లో అది నల్లగా, పొడిపొడిగా మారుతుంది.

సూక్ష్మజీవుల్ని పెంచడానికి జీవామృతం వాడేవాళ్లూ ఉన్నారు. 2016లో పద్మశ్రీ అందుకున్న సుభాష్ పాలేకర్ ప్రచారంతో ఇది తెలుగు రైతులకు బాగా దగ్గరైంది. పొలానికి చెప్పే 200 లీటర్ల కొలతను కుండీలకు కుదిస్తే, రెండు లీటర్ల నీళ్లకు వంద గ్రాముల ఆవు పేడ, వంద మిల్లీలీటర్ల గోమూత్రం, ఇరవై గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, చిటికెడు మంచి మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, పొద్దునా సాయంత్రమూ కర్రతో తిప్పి, పదింతల నీళ్లు కలిపి మట్టికి పోయాలి. వారం లోపు వాడేయాలి.

సేంద్రియమైతే చాలా?

ఇంట్లో పిల్లలుండేవాళ్లు మరిచిపోకూడని మాట ఇది. పచ్చి పేడలో జబ్బులు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. కొత్తిమీర, పుదీనా లాంటివి చాలాసార్లు పచ్చిగానే తింటారు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం తినే భాగం నేలకు తగిలే పంటల్లో పచ్చి ఎరువు వేశాక 120 రోజులు గడిస్తే గానీ కోయకూడదు. కాబట్టి నెలలో కోసుకునే ఆకుకూరలకు పచ్చి పేడ పనికిరాదు. బాగా మాగిన ఎరువే వేయాలి. జీవామృతంలో ఉన్నదీ పచ్చి పేడే కనుక పచ్చిగా తినే ఆకుల కుండీలకు దాన్ని వాడకపోవడమే క్షేమం. పూల మొక్కలకు నిక్షేపంగా పోసుకోవచ్చు. మట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం, కోసిన ఆకును రెండు మూడు నీళ్లతో కడగడం ఎవరికైనా తప్పదు.

పంచదార, పాలు కలిసిన టీ పిప్పి, పచ్చి అరటి తొక్కలు నేరుగా కుండీలో వేయడం కూడా పొరపాటే. చీమలు, ఈగలు చేరతాయి. అవి ముందు కంపోస్టు బకెట్టులోకే వెళ్లాలి.

గదిలో పెంచే మనీప్లాంటు, స్నేక్‌ప్లాంటు లాంటివాటికి తిండి చాలా తక్కువ చాలు. వెలుతురు తక్కువైన చోట మొక్క మెల్లగా పెరుగుతుంది, కాబట్టి మూడు నెలలకోసారి గుప్పెడు కంపోస్టు సరిపోతుంది. వెలుతురు లోటును ఎంత మంచి ఎరువైనా తీర్చలేదు. గదుల్లో కుండీల చుట్టూ చిన్న చిన్న నల్లటి ఈగలు ముసురుతుంటే నీళ్లు ఎక్కువవుతున్నాయని తెలుసుకోవాలి. వాటి పిల్లపురుగులు తడిసిన పైమట్టిలోనే పెరుగుతాయి. పైన అంగుళం మట్టి ఆరాకే మళ్లీ నీళ్లు పోస్తే వాటి బెడద తగ్గుతుంది.

ముక్కే పరీక్ష

మట్టి కోలుకుందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే కమ్మటి వాసన అందరికీ తెలుసు. యాక్టినోమైసీట్స్ అనే మట్టి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ పదార్థం నుంచే ఆ వాసన ముఖ్యంగా వస్తుంది. కుండీలో రెండంగుళాల లోతు నుంచి చిటికెడు తడి మట్టి తీసి వాసన చూడాలి. తొలకరి గుర్తుకొస్తే లోపల పనివాళ్లు చేరినట్టే. మురుగు కంపు వస్తే నీళ్లు తగ్గించి, అడుగున చిల్లులు మూసుకుపోయాయేమో చూడాలి. ఏ వాసనా లేకపోతే ఇంకో గుప్పెడు కంపోస్టు, ఇంకో నెల ఓపిక.