తవ్వే తీరు మారాలి

కోనసీమలో గ్యాస్ తవ్వకం ఆగదు, కనీసం తవ్వే తీరైనా మారాలి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా బలయ్యారు. ప్రమాదం జరిగితేనే ఈ బావులు మనకు గుర్తొస్తాయి. రోజువారీ నష్టం మాత్రం కొబ్బరితోటల మధ్య చడీచప్పుడు లేకుండా సాగిపోతుంది. విరుగుడు ఉంది. ఊరికో రిగ్గు దించే బదులు ఒకే స్థలం నుంచి ఏటవాలుగా నాలుగైదు బావులు తవ్వితే బోలెడంత పొలం మిగులుతుంది. రసాయనాలు కలిసిన డ్రిల్లింగ్ బురదను గోతుల్లో వదలకుండా ఉక్కు ట్యాంకుల్లోనే వడగట్టి తిరిగి వాడితే, డెల్టాలో కొద్దిపాటి లోతులోనే తగిలే ఊటనీటికి ముప్పు తగ్గుతుంది. గ్యాసును ఊరికే మండించడం మానాలి, లీకులను వెతికి మూయాలి. 20 ఏళ్ల లెక్కన చూస్తే ఈ గ్యాసులోని మీథేన్ భూమిని కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువగా వేడెక్కిస్తుంది. పని ముగిశాక బావిని సిమెంటుతో బిగించి, తీసిన పైమట్టి తిరిగి పరిచి, నాట్లు వేసుకునేలా పొలాన్ని అప్పగించాలి. ఆ ఖర్చును తవ్వకానికి ముందే డిపాజిట్ చేయించాలి. చుట్టుపక్కల బోర్ల నీటి పరీక్షల ఫలితాలను నెలనెలా పంచాయతీ గోడ మీద అతికించాలి. గ్యాస్ దేశానికి, నష్టం ఊరికి అనే పంపకం అన్యాయం.