స్టాంపులు అంటించే ముందు ఒక్క మాట

వచ్చే ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు ఆ స్టాంపుల డబ్బాల సంగతి తేల్చాలి. వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే చాలా మాటలు నడిచాయి. రెండు ముక్కల్లో తేలే విషయం కాదు గనక ఇక్కడ కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం. మన సంఘంలో పెద్దాయన ఒకరు పోయిన ఏడు కాలం చేశారు. ఆయన పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ మూడు బిస్కట్ డబ్బాలు, ఒక చెప్పుల పెట్టె నిండా స్టాంపులు తెచ్చిచ్చారు. నాన్నగారివి, మన తెలుగు పిల్లలకు పనికొచ్చేలా చూడండి అన్నారు. మేము, అంటే రైల్వేలోనూ పోస్టాఫీసులోనూ పనిచేసి రిటైరైన నలుగురం, సాయంత్రాలు కూర్చుని వాటిని విడదీశాం. ఇప్పుడు వాటిని ఎందులో, ఎలా పెట్టాలన్నదే ప్రశ్న. ఫోటోలు పెట్టుకునే జిగురు పేజీల ఆల్బం కొనేద్దాం అని కొందరు, స్టాక్ బుక్‌లో దోపేస్తే ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోతుంది అని కొందరు, అమ్మేసి ఆ డబ్బు స్కాలర్‌షిప్ నిధిలో వేద్దాం అని ఇంకొందరు అంటున్నారు.

జిగురు పేజీల ఆల్బం మాత్రం వద్దు. ఈ ఒక్క విషయంలో మేము పట్టు వదలం. ఆ జిగురు కొన్నేళ్ళకు పచ్చబడుతుంది, స్టాంపు వీపుకు కరుచుకుంటుంది. తర్వాత తీయబోతే కాగితం పొరలు పొరలుగా చీలిపోతుంది. ఫెవికాల్, సెల్లో టేపు సంగతి చెప్పనే అక్కర్లేదు. పార్సిల్ ఆఫీసులో మేము మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి లేబుళ్ళు అంటించినవాళ్ళం. లేబుల్‌కు పని ఏమిటి? బండి ఏ ఊరు పోయినా ఊడకూడదు. స్టాంపుకు పని దానికి తిరగబడి ఉంటుంది. ఎప్పుడు కావాలన్నా చెక్కుచెదరకుండా పేజీలోంచి బయటికి రావాలి.

అందుకోసమే పాతకాలం వాళ్ళు హింజ్ కనిపెట్టారు. పల్చటి గ్లాసీన్ కాగితం ముక్క, ఒక పక్క తేలిక జిగురు ఉంటుంది. మడిచి, చిన్న మడత స్టాంపు వెనక పైఅంచు దగ్గర, పెద్ద మడత పేజీకి అంటిస్తారు. స్టాంపు తలుపులా పైకి లేస్తుంది, వెనక వైపు కూడా చూడొచ్చు. బాగా ఆరాక మెల్లగా తీస్తే వచ్చేస్తుంది. 1840లో ఇంగ్లండులో మొదటి స్టాంపు వచ్చాక, పేజీ మీద గోందు పెట్టి నేరుగా అంటించి పాడుచేసుకున్నవాళ్ళు ఎందరో. ఆ తర్వాత చాలాకాలం హింజ్‌దే రాజ్యం. ఇప్పుడు హింజ్ అంటే ముఖం చిట్లించేవాళ్ళున్నారు. దానికి కారణం ఉంది. వాడని స్టాంపు వెనక అసలు జిగురు అలాగే ఉంటే దానికి ధర ఎక్కువ, హింజ్ మరక పడితే ధర పడిపోతుంది. ఆ తేడా కోసం జిగురు మళ్ళీ పూసి కొత్తదని అమ్మే ఘనులు కూడా ఉన్నారు. అయితే ఈ లెక్క వాడని స్టాంపుకే. పోస్టు ముద్ర పడి, నీళ్ళలో నాని, జిగురు ఎప్పుడో పోయిన స్టాంపుకు హింజ్ వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. మన డబ్బాల్లో ఎక్కువ భాగం అలాంటివే.

వాడనివాటికి మౌంట్ కావాలి. ముందు వైపు గాజులాంటి రేకు, వెనక నల్లటిదో తెల్లటిదో ఇంకో రేకు ఉంటుంది. స్టాంపును మధ్యలోకి జారవిడిచి, మౌంట్‌ను మాత్రమే పేజీకి అంటిస్తాం. హావిడ్ అనే జర్మనీ కంపెనీవి పేరున్నవి. చౌకగా వస్తున్నాయని పీవీసీ కవర్లు మాత్రం కొనకండి. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం కారి స్టాంపు రంగును తినేస్తుంది. నల్ల మౌంట్ చూడ్డానికి బాగుంటుంది గానీ అన్నిటికీ వేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా మన షోళింగనల్లూరు గాలి సంగతి మీకు తెలియంది కాదు. ఒక పక్క బకింగ్‌హామ్ కాలువ, దాని అవతల సముద్రం, ఇంకో పక్క పళ్ళికరణై చిత్తడి. చెమ్మ లోపలికి పోతే ప్లాస్టిక్ రేకుల మధ్య నుంచి తొందరగా బయటికి రాదు. జిగురు మెత్తబడి స్టాంపు మౌంట్‌కే అతుక్కుంటుంది, పళ్ళ అంచున తుప్పు రంగు చుక్కలు మొదలవుతాయి. కాబట్టి వాడనివాటికీ, అరుదైనవాటికీ మౌంట్లు, మిగతా అన్నిటికీ హింజ్‌లు. ఇదీ మా మాట.

స్టాక్ బుక్ చెడ్డదని మేము అనడం లేదు. విడదీసిన స్టాంపులు వరుస వచ్చేదాకా కూర్చునే వెయిటింగ్ రూం అది. ఎవరూ వెయిటింగ్ రూంలో కాపురం పెట్టరు కదా. దాని పేజీల్లో ఒక్క అక్షరం రాయడానికి చోటుండదు. స్టాంపు ఎవరిదో, ఎందుకు వేశారో తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియని పిల్లవాడికి రంగు కాగితంలా కనబడుతుంది.

మా అసలు పట్టుదల అక్కడే ఉంది. మన పిల్లకాయలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. వాళ్ళను అని లాభం లేదు, మేమూ తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళమే. బడిలో స్టాంపుకు తబాల్ తలై అని నేర్పారు, తలై అంటే తల. తపాలా బిళ్ళ అన్న మాట ఇంట్లో విన్నాం. తెలుగు లిపి మాకు పట్టుబడింది చందమామ వల్ల. ఈ మద్రాసులోనే అచ్చయిన చందమామ, అంబులిమామ రెండూ 1947 జూలైలో మొదలయ్యాయి. రెంటినీ పక్కపక్కన పెట్టుకునేవాళ్ళం. బొమ్మ అదే, కథ అదే. తమిళంలో చదివి తెలుగులో పోల్చుకునేవాళ్ళం. బొమ్మ పక్కన అక్షరం ఉంటే కళ్ళు వాటంతట అవే నేర్చుకుంటాయి. స్టాంపు కూడా బొమ్మే కదా.

డబ్బాల్లో ఎవరెవరు ఉన్నారో చూడండి. 1961 నాటి త్యాగరాజస్వామి. 1972లో వేమన, ప్రకాశం పంతులు. 1974లో వీరేశలింగం. 1982లో దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఈ మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినావిడ. 1986లో అల్లూరి సీతారామరాజు. మన దేశపు స్టాంపుల మీద పేర్లు మామూలుగా హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి. నిజాం కాలపు హైదరాబాదు స్టాంపులు కూడా కొన్ని దొరికాయి. వాటి మీద ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. భూతద్దం పెట్టి చూపిస్తే ఒక అమ్మాయి ఇందులో మన "అ" ఉంది అని అరిచింది. ఆ స్టాంపుల కింద వేమన అని, దుర్గాబాయి అని తెలుగులో రాసేది మనమే కావాలి, ఆ రాసేది పిల్లలే కావాలి. దానికి ఖాళీ పేజీ కావాలి. ఆమ్లం లేని మందపాటి కాగితం, ఒక్క వైపే వాడుక, పేజీకి ఆరేడు స్టాంపులకు మించకుండా. ముందు పెన్సిల్‌తో గడులు గీసి, కింద పేరు, ఏడాది, రెండు వాక్యాలు రాసి, సిరా ఆరాకే స్టాంపు పెట్టాలి. తప్పు రాస్తే పేజీ మారుస్తాం, స్టాంపుకు ఏమీ కాదు. పిల్లల చేత హింజ్ పెట్టించవచ్చా అని అడిగారు. నిస్సందేహంగా. వేళ్ళతో కాకుండా టాంగ్స్‌తో పట్టుకోవాలి, హింజ్‌ను కొద్దిగా తడపాలి, అంతే. మొదట రేపో మాపో దొరికే మామూలు స్టాంపులతో చెయ్యి తిప్పించి, తర్వాత పాతవాటికి వెళదాం.

ఇంకో సంగతి. చెప్పుల పెట్టెలో ముప్పై దాకా పూర్తి కవర్లు ఉన్నాయి. వాటిలో స్టాంపులు కత్తిరించి నానబెడదామని ఒకరు బయలుదేరారు, దయచేసి ఆగండి. కొన్నిటి మీద ఆర్.ఎం.ఎస్. ముద్రలున్నాయి. రాత్రిళ్ళు పరిగెత్తే బండిలో నిలబడి ఉత్తరాలు విడదీసినవాళ్ళు వేసిన ముద్రలవి. ఏ సెక్షన్‌లో, ఏ తేదీన ఆ ఉత్తరం బండెక్కిందో అందులో ఉంటుంది. స్టాంపు ఊడదీస్తే సగం ముద్ర కవర్ మీదే ఉండిపోతుంది, రెండు ముక్కలకీ విలువ పోతుంది. కవర్‌ను కవర్‌గానే నాలుగు మూలల పట్టీలతో పేజీలో నిలపాలి. 1953 నాటి రైల్వే శతాబ్ది రెండణాల స్టాంపున్న కవర్ ఒకటి కనబడింది. దాన్ని కత్తిరిస్తామంటే మేము అడ్డం పడుకుంటాం.

అమ్మేద్దాం అన్నవాళ్ళకు. గాంధీగారి 1948 నాటి 10 రూపాయల స్టాంపు ఉందా అని చాలామంది అడిగారు. లేదు. ఆ నాలుగింటిలో ఒకటిన్నర అణాది మాత్రం ఉంది, అదీ ముద్ర పడినదే. నిధికి లక్షలు వచ్చే సరుకు కాదిది. ఒకటికి రెండు ఉన్నవాటిని మార్పిడి చేద్దాం. 1956 నుంచి నడుస్తున్న సౌత్ ఇండియా ఫిలాటలిస్ట్స్ అసోసియేషన్ ఈ ఊళ్ళోనే ఉంది, తెలిసినవాళ్ళ సలహా దొరుకుతుంది. అన్నా సాలై హెడ్ పోస్టాఫీసులోని ఫిలాటెలిక్ బ్యూరోలో పిల్లల పేరున డిపాజిట్ అకౌంట్ తెరవచ్చు. తపాలా శాఖ 2017లో మొదలుపెట్టిన స్పర్శ్ స్కాలర్‌షిప్ పథకంలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా స్టాంపుల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఏడాదికి 6000 రూపాయలు పెట్టారు. పరీక్షా, ప్రాజెక్టూ ఉంటాయి. సొంతంగా పేజీ తయారుచేసిన పిల్లవాడికి అవి కొత్త కావు. నిధి గురించి ఆలోచించేవాళ్ళు ఇదీ లెక్కలోకి తీసుకోండి.

ఆల్బం ఎక్కడ ఉంచాలి అన్నది కూడా ఆదివారమే తేల్చాలి. కింది అంతస్తు ఆఫీసు బీరువాలో వద్దు. 2015 డిసెంబరూ, 2023 డిసెంబరూ మరిచిపోలేదు కదా. పై అంతస్తులో, నిలబెట్టి, బరువు పడకుండా, సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. కలరా ఉండలు వెయ్యొద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్ మౌంట్లకు పడదు. నెలకొకసారి ఎండ తగలని చోట పేజీలు తిప్పి గాలి ఆడించాలి. ఆ పని మేము చేస్తాం.

కమిటీ ఒప్పుకుంటే మొదట ఇరవై పేజీలు, ఒక కట్ట హింజ్‌లు, రెండు సైజుల మౌంట్లు, ఆరు టాంగ్స్ చాలు. మీ ఇళ్ళలో అటకల మీద పాత ఉత్తరాలుంటే కవర్లతో సహా అలాగే తీసుకురండి. స్టాంపులు కత్తిరించి తేవద్దు.