మొదర్రిసు పలికిన ‘కాదు’

స్వాతంత్ర్యమును కాపాడువారు నవనాగరకులే యనియు, పూర్వాచారపరాయణులు నిరంకుశాధికారమునకు సహజమిత్రు లనియు మనలో పలువురు తలంతురు. ఇరాను దేశీయుడగు సయ్యద్ హసన్ మొదర్రిసు చరిత్ర ఈ యభిప్రాయమును సవరింపగలదు.

ఆయన ఇస్పహానులోను నజఫులోను శాస్త్రములభ్యసించిన మతాచార్యుడు. శాసనములు మతధర్మమునకు విరుద్ధములు కాకుండ చూచుటకై నియమింపబడిన పండితులలో నొకడుగా 1910 ప్రాంతమున టెహరానులోని మజ్లిసున ప్రవేశించెను. ఆయన భావము లన్నియు మనకు గ్రాహ్యములు కావు. 1911 లో స్త్రీల వోటుహక్కును గూర్చిన ప్రస్తావము రాగా దానిని తీవ్రముగా నిరసించెను. ఈ లోపమును మరుగుపరచి పొగడుట మా యుద్దేశము కాదు.

అయినను పరాధిపత్యము వాకిట నిలిచిననాడు ఆయన జంకలేదు. 1919 లో ఆంగ్లేయులు ఇరాను ప్రభుత్వముతో నొక యొడంబడిక చేసికొనిరి. ఆ దేశపు సైన్యమును, బొక్కసమును ఆంగ్ల సలహాదారుల చేతిలో నుంచుటయే దాని సారము. 1905 లో వంగదేశమును రెండుగా చీల్చిన కర్జను ప్రభువే దీనికిని సూత్రధారి. ఒడంబడికకు సమ్మతించిన మంత్రులకు ఆంగ్లధనము ముట్టెను. దాని నెదిర్చినవారిలో మొదర్రిసు ముందు నిలిచెను. మజ్లిసు ఆమోదమును పొందకయే అది 1921 లో రద్దయ్యెను.

పిదప సేనాని రిజాఖాను విజృంభించెను. ప్రధానమంత్రియై, 1924 లో రాచరికమును తొలగించి రిపబ్లిక్కును స్థాపింప నుద్యమించెను. మొదర్రిసు అడ్డుపడెను. పేరు ప్రజలది, పెత్తనము ఖడ్గధారిది యని ఆయన సందేహము. సభలో ఒక సభ్యుడు ఆయన చెంపపై కొట్టగా, ఆ దెబ్బ పట్టణమున కంతకును తగిలినట్లయ్యెను. అంగళ్లు మూతపడెను. రిజాఖాను వెనుదీసెను. మరుసటి యేడు ఆతడే కిరీటమును కోరెను! 1925 అక్టోబరు 31 వ తేదీని కజారు వంశమును తొలగించు తీర్మానము రాగా, అది రాజ్యాంగవిరుద్ధమని ఎలుగెత్తి పలికి మొదర్రిసు సభను వీడెను. ముసద్దికు మొదలగు నలుగురు ప్రతికూలముగా ప్రసంగించిరి. తక్కినవారిలో పెక్కురు తలలూపిరి. రిపబ్లిక్కును కోరినవాడే రాజగుటచే, మూఢుడని నిందింపబడినవాని సందేహమే సత్యమని తేలెను.

ఈ సత్యమునకు ఆయన మూల్యము చెల్లించెను. 1926 లో దుండగులు ఆయనపై తుపాకులు కాల్చిరి, గాయపడియు బ్రతికెను. 1928 లో నిర్బంధించి ఖురాసానులోని ఖాఫునకు పంపిరి. తొమ్మిదేండ్ల పిమ్మట, 1937 డిసెంబరులో, కాష్మరున ప్రభుత్వ భటులే ఆయన ప్రాణములు తీసిరి.

తరువాతి ఇరాను ప్రభుత్వము ఆయన మరణదినమును మజ్లిసు దినముగా నిర్ణయించినది. చనిపోయిన నిర్భయునకు పూలమాల వేయుట సులభము. పూర్వాచారపరుడే యయ్యు, ప్రభుత్వమును నిర్మొగమాటముగా విమర్శించిన అలీ మొతహరిని 2020 లో ఆ దేశపు సంరక్షక మండలి ఎన్నికలలో నిలువనీయలేదు. సభకు నిజమైన శోభ జయధ్వానములు కావు. ‘కాదు’ అనగల యొక్క గొంతుక. ఆ గొంతుక మన పక్షముది కాకున్నను దానిని కాపాడుకొనుటయే ప్రజాప్రభుత్వపు ధర్మము.