రక్తానిదేనా దోషం?

మా కళాశాలలో జీవశాస్త్రం చెప్పే మిత్రులొకరు మొన్న తరగతిలో వొక మాటన్నారట: అమెరికాలో నల్లజాతివారు కాన్సరుతో ఎక్కువగా చనిపోవడం వారి రక్తంలోని దోషమని. పిల్లలు రాసుకున్నారు. వారిలో కొందరు రేపు అదే దేశానికి వలసపోతారు. అక్కడి లెక్కల్లో వారూ అల్పసంఖ్యాకులే. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఏ మాట ఎవరి కొమ్ము కాస్తున్నదో చూడటం నా వృత్తి.

అమెరికాకు వలసపోయిన జపానీయుల కాన్సరు మరణాలను హేన్‌జెల్, కురిహర అనే పరిశోధకులు 1968లో ప్రకటించారు. జపానులో విపరీతంగా వున్న జీర్ణాశయపు కాన్సరు అమెరికాలో పుట్టిన సంతతిలో తగ్గింది. అక్కడ అరుదైన పెద్దపేగు కాన్సరు వలసవచ్చినవారిలో పెరిగింది. రక్తం అదే, మారినది బతుకు.

రొమ్ము కాన్సరు అమెరికాలోని నల్లజాతి స్త్రీలకు తెల్లవారికంటే కొంచెం తక్కువగానే వస్తుంది. చావులు మాత్రం సుమారు 40 శాతం ఎక్కువ. వారిలో మొండిరకపు గడ్డలు ఎక్కువన్నది నిజమే. కాని అంతటి అంతరానికి అదొక్కటే కారణం కాదు. అందరికీ ఒకే వైద్యం అందే మాజీ సైనికుల ఆస్పత్రులనే చూడండి. ప్రోస్టేట్ కాన్సరు సోకిన నల్లవారు అక్కడ తెల్లవారికంటే ఎక్కువగా చనిపోలేదని 2020లో తేలింది. రక్తదోషం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయిందా?

1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి కాన్సరుతో బాల్టిమోరులో మరణించింది. ఆస్పత్రిలో ఆమెను అడగకుండా తీసిన కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి, కంపెనీలకు సరుకయ్యాయి. ఇంటివారికి ఆ సంగతి తెలియడానికే రెండు దశాబ్దాలు పట్టింది. వొక కంపెనీతో రాజీ కుదిరింది 2023లో. కణాలు కావలసినప్పుడు రంగు అడ్డురాలేదు!

ప్రభుత్వ ధనంతో జరిగే వైద్యపరీక్షల్లో అల్పసంఖ్యాకులను చేర్చాలని అమెరికా 1993లో చట్టం చేసింది. అయినా కాన్సరు మందుల పరీక్షల్లో నల్లవారు నేటికీ బహుకొద్దిమందే. "పిలిచినా రారు" అంటారు పెద్దలు. కూలి పోగొట్టుకుని, దూరం పోయి, తెలియని భాషలో రాసిన కాగితంమీద ఎవడు సంతకం పెడతాడు? అసలు పిలిచిందెందరిని?

విజ్ఞానం మీద నాకు కక్ష లేదు. పై లెక్కలన్నీ విజ్ఞానం తేల్చినవే. వాటిని దాచి, పేదవాడి చావుకు వాడి పుట్టుకనే సాక్ష్యంగా నిలబెట్టడం మీదనే నా పోరాటం. మిత్రులు మళ్ళీ తరగతికి వెళ్ళి ఆ వాక్యాన్ని పిల్లల చేత కొట్టివేయించాలి. వారు చేయకపోతే, రేపు నా తెలుగు తరగతిలో ఆ పని నేనే చేస్తాను.